నాందేడ్ దారుల్లో క్లచ్ చప్పుడు

తిరుగుతున్న ఇంజన్‌ను గేర్‌బాక్స్‌తో కలపడం, కావలసినప్పుడు విడదీయడం క్లచ్ పని. తిరిగేదీ ఆగేదీ ఒకదాన్నొకటి ఒరుసుకునే చోటు అదే కాబట్టి అరుగుదలా అక్కడే, చప్పుడూ అక్కడే. పెడల్ మీద కాలు లేనప్పుడు ఫ్లైవీల్, దానికి బిగించిన ప్రెషర్ ప్లేటు, ఆ రెండింటి నడుమ ఒత్తుకుని ఉన్న క్లచ్ ప్లేటు, ఆ ప్లేటు తిప్పే ఇన్‌పుట్ షాఫ్ట్ అన్నీ ఒకే వేగంతో తిరుగుతాయి. పాత తరహా బళ్లలో రిలీజ్ బేరింగు ఒక్కటే వాటికి కాస్త ఎడంగా, కదలకుండా ఉంటుంది. పెడల్ నొక్కితే లెక్క తారుమారవుతుంది. బేరింగు వెళ్లి ప్రెషర్ ప్లేటుకు ఆనుకుని తిరగడం మొదలుపెడుతుంది. క్లచ్ ప్లేటు, ఇన్‌పుట్ షాఫ్ట్ నెమ్మదించి, బండి గేరులో నిలబడి ఉంటే పూర్తిగా ఆగిపోతాయి. వింత చప్పుడు దేనిదో తేల్చే విద్యంతా ఈ తారుమారు చుట్టూ అల్లుకున్నదే. చప్పుడు ఎలా ఉందన్నది తర్వాతి ప్రశ్న. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది అన్నదే ముందు అడగవలసింది.

ఈ విద్య పెరిగిన తీరు చూడడానికి నాందేడ్ మంచి చోటు. గోదావరి ఉత్తరపు గట్టున, మరాఠ్వాడా తూర్పు కొసన ఉన్న ఈ ఊరు 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఒక జిల్లా కేంద్రం. దెగ్లూర్, బిలోలి, ధర్మాబాద్, కిన్వట్ వైపు పల్లెల్లో తెలుగు ఇవాళ్టికీ వినిపిస్తుంది. ఇక్కడి నుంచి హైదరాబాద్ సుమారు 270 కిలోమీటర్లు, ముంబై దానికి రెట్టింపు పైనే. రాజకీయ పటం మారినప్పుడల్లా ఊరికి మోటారు బండి, దాని సామాను, దాన్ని బాగుచేసే పద్ధతి వచ్చే దిక్కు కూడా మారింది. అయితే మోటారు కన్నా రైలే ముందు వచ్చింది. హైదరాబాద్–గోదావరి లోయ మీటర్‌గేజి మార్గం నాందేడ్ మీదుగా సాగి 1901 నాటికి మన్మాడ్‌ను కలిపింది. స్టేషన్ నుంచి లోపలి తాలూకాలకు చాలాకాలం ఎడ్లబండే గతి.

ఇరవయ్యో శతాబ్దం మొదటి రెండు దశాబ్దాల కార్లలో ఎక్కువగా ఉన్నది శంకువు ఆకారపు క్లచ్. ఫ్లైవీల్ లోపలి అంచును వాలుగా చెక్కి, అందులోకి తోలు తొడిగిన శంకువును స్ప్రింగు బలంతో నెట్టేవారు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ 1911లో ఆర్డర్ ఇవ్వగా ఆయన పోయిన తర్వాత తయారై వచ్చిన పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కూడా శంకువు క్లచ్ కాలానిదే. తోలు ఎండిపోతే క్లచ్ ఒక్కసారిగా పట్టేసి బండి చర్రుమంటూ ముందుకు దూకేది. దానికి మందు ఆముదం, తోలుకు పట్టించి కాసేపు నాననివ్వడం. నూనె ఎక్కువై క్లచ్ జారితే ముల్తానీ మట్టి పొడి చల్లేవారు. ఆముదపు సాగుకు హైదరాబాద్ రాష్ట్రం దేశంలోనే పెట్టింది పేరు కనుక ఈ వైద్యానికి సరుకు వెతుక్కోవలసిన అవసరం ఇక్కడ ఉండేది కాదు. ఆ కాలపు క్లచ్ వైద్యంలో చప్పుడు కన్నా కుదుపే పెద్ద లక్షణం. మోటారు అంతటా అన్నీ మోగుతుండగా ఒక బేరింగు కీచుమన్నా పట్టించుకునేవారు తక్కువ.

మోటారు బండి ఈ ప్రాంతంలో సామాన్యుల ప్రయాణ సాధనమైంది 1932 తర్వాత. రైల్వేను 1930లో కంపెనీ చేతి నుంచి తీసుకున్న నిజాం ప్రభుత్వం, దాని కిందే రోడ్డు రవాణా శాఖను పెట్టి 1932 జూన్‌లో 27 బస్సులు, 166 మంది సిబ్బందితో నడపడం మొదలుపెట్టింది. రైలుకు ప్రైవేటు బస్సుల పోటీ లేకుండా చూడడం, స్టేషన్లకు ప్రయాణికులను చేర్చడం ఆ ఏర్పాటు వెనుక ఉన్న ఆలోచన. ఆ బస్సులు గ్లాస్గోలో తయారైన ఆల్బియన్లు. వాటిలో ఒకటి హైదరాబాద్ బస్ భవన్ ఆవరణలో ఇప్పటికీ ఉంది.

ఆ తరం గేర్‌బాక్సులకు వేగాలను సరిచేసే సింక్రోమెష్ లేదు. అది కార్లలోకి మొదట 1928లో అమెరికన్ కాడిలాక్‌తో వచ్చింది. బస్సులకు, లారీలకు చేరడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. కాబట్టి డ్రైవరు రెండుసార్లు క్లచ్ తొక్కాలి. ఒకసారి తొక్కి గేరును న్యూట్రల్‌లోకి తేవాలి, కాలు తీసి ఇంజన్ వేగాన్ని సరిచేయాలి, మళ్లీ తొక్కి తర్వాతి గేరు వేయాలి. ఈ తాళం తప్పితే పళ్లు పళ్లకు తగిలి గర్రుమంటాయి. ఆ చప్పుడు యంత్రపు జబ్బు కాదు, కాలి తప్పు. ఇందులోంచి పుట్టిన నియమం ఒకటి నేటికీ చెల్లుతుంది. ఫిర్యాదు చేసిన మనిషి చేతనే బండి నడిపించి పక్కన కూర్చుని వినాలి. మెకానిక్ తన కాలితో నడిపితే కొన్ని చప్పుళ్లు అసలు రావు.

ఈలోగా క్లచ్ లోపలి సరుకు మారింది. ఇంగ్లండులోని డెర్బీషైర్‌లో హెర్బర్ట్ ఫ్రూడ్ 1897లో మొదలుపెట్టిన ఫెరోడో కంపెనీ మొదట గుర్రపుబళ్ల బ్రేకులకు, ఆపై మోటార్లకు రాపిడి పట్టీలు చేసింది. 1908 ప్రాంతంలో వాటిలోకి ఆస్బెస్టాస్ వచ్చింది. తోలు మాడిపోయే వేడిని ఆస్బెస్టాస్ తట్టుకుంటుంది. దాంతో శంకువు పోయి, రెండు వైపులా లైనింగు రివెట్లతో బిగించిన ఒకే చదునైన పొడి ప్లేటు నిలిచింది. అమెరికాలో బోర్గ్ అండ్ బెక్ పేరు ఆ ప్లేటుకు మారుపేరైంది. 1930ల నాటికి కార్లలో అదే మామూలు. దానితో పాటు కొత్త చప్పుళ్లూ వచ్చాయి: లైనింగు అరిగి రివెట్టు తలలు ఇనుముకు తగిలే గీరుడు, ప్లేటు నడుమ ఉండే కుషన్ స్ప్రింగులు విరిగి ఆడే గలగల, పెడల్ తొక్కినప్పుడు బేరింగు ఏడుపు. ఇవాళ గ్యారేజీల్లో వినిపించే చప్పుళ్ల జాబితా దాదాపుగా ఆ దశాబ్దంలోనే తయారైంది.

యుద్ధం ముగిశాక జీపులు వచ్చాయి. మహీంద్రా సంస్థ 1947 నుంచి బొంబాయిలో విల్లీస్ జీపులను కూర్చి అమ్మింది. నల్లరేగడి దారుల్లో వాన పడితే మామూలు కారు కదలదు. జీపు మాత్రం నాలుగు చక్రాలతో లాక్కుపోయేది, ఆ భారమంతా సుమారు 8 అంగుళాల క్లచ్ ప్లేటు మీద పడేది. జీపు ప్రెషర్ ప్లేటు మీద మూడు లీవర్లు ఉంటాయి. షెడ్లలో వాటిని ఫింగర్లు అంటారు. మూడూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి వెంట్రుకవాసి పైకో కిందికో ఉన్నా ప్లేటు ఒక పక్క ముందు పడుతుంది, ఒక పక్క తర్వాత పడుతుంది. బండి మొదటి గేరులో బయలుదేరేటప్పుడు దడదడలాడుతుంది. ఫింగర్ సెట్టింగు అన్నది అప్పటి నుంచి ఒక ప్రత్యేక పనితనం. కొలత కడ్డీ లేనివాళ్లు ఫ్లైవీల్ మీద ఒక చదునైన పట్టీ అడ్డం పెట్టి, మూడింటి కొసలకూ దూరం చూసి బోల్టులు తిప్పేవారు.

జీపులో ఇన్‌పుట్ షాఫ్ట్ ముందు కొస క్రాంక్‌షాఫ్ట్ చివర తొలిచిన రంధ్రంలో, చిన్న కంచు బుష్‌లో కూర్చుంటుంది. దాన్నే పైలట్ బుష్ అంటారు. పెడల్ మీద కాలు లేకపోతే క్రాంక్, షాఫ్ట్ కలిసి తిరుగుతాయి, బుష్‌కు పని లేదు. గేరులో పెట్టి పెడల్ పూర్తిగా తొక్కి బండిని నిలిపినప్పుడు మాత్రం షాఫ్ట్ ఆగుతుంది, క్రాంక్ దాని చుట్టూ తిరుగుతుంది. బుష్‌లో నూనె ఇంకిపోయి ఉంటే అప్పుడు పుట్టే కూత చెవులు చిల్లులు పడేలా ఉంటుంది. గేరు తీసి న్యూట్రల్‌లోకి తెస్తే, షాఫ్ట్‌ను పట్టి ఆపేది లేక అదీ కొంత తిరుగుతుంది, కూత సన్నగిల్లుతుంది. రిలీజ్ బేరింగుకు గేరుతో సంబంధం లేదు, పెడల్ తొక్కి ఉన్నంతసేపూ అరుస్తుంది. ఈ తేడా తెలియని షెడ్డులో గేర్‌బాక్స్ దింపి కొత్త బేరింగు వేసి, మళ్లీ ఎక్కించాక అదే కూత వినవలసి వస్తుంది. గేర్‌బాక్స్ ఒకసారి దింపే పనికీ రెండుసార్లు దింపే పనికీ మధ్య తేడా ఒక్క గేరు రాడ్ కదలికతో తేలిపోయే సందర్భాలు మోటారు వైద్యంలో ఎన్నో లేవు.

1948 సెప్టెంబరు పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. రోడ్డు రవాణా శాఖ 1951 నవంబరు 1న రైల్వే నుంచి విడిపోయి రాష్ట్ర ప్రభుత్వం కిందికి వచ్చింది. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజనలో నాందేడ్ బొంబాయి రాష్ట్రంలోకి వెళ్లింది. ఆదిలాబాద్ జిల్లాకు చెందిన కిన్వట్ ప్రాంతం నాందేడ్ వైపు వచ్చింది. నాందేడ్‌కు చెందిన ముధోల్, భైంసా ఆదిలాబాద్‌కు, దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు నిజామాబాద్‌కు పోయాయి. మరాఠ్వాడా బస్సులు బొంబాయి రాష్ట్రం చేతికి, తెలంగాణ బస్సులు ఆంధ్రప్రదేశ్ చేతికి వచ్చాయి. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ, 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడ్డాయి. ఒకే శాఖ కింద పనిచేసిన మనుషులు రెండు సంస్థల ఉద్యోగులయ్యారు. దెగ్లూర్ దాటితే వేరే రాష్ట్రం, వేరే పర్మిటు. బండికి మాత్రం సరిహద్దు తెలియదు. మద్నూర్ దగ్గర క్లచ్ పోయిన బండికి దెగ్లూరే దగ్గర.

తర్వాతి పాతికేళ్లు అంబాసిడర్‌వి, ఫియట్‌వి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో హిందుస్థాన్ మోటార్స్ 1957 నుంచి అంబాసిడర్‌ను తయారుచేసింది, 2014 దాకా ఆపలేదు. కుర్లాలో ప్రీమియర్ సంస్థ తయారుచేసిన ఫియట్ 1100 తర్వాత ప్రీమియర్ పద్మిని అయింది. నాందేడ్ లాంటి ఊళ్లో కలెక్టరు కారు, డాక్టరు కారు, టాక్సీ ఈ రెండింటిలో ఒకటి. మోరిస్ కుటుంబపు బ్రిటిష్ కార్లలో రిలీజ్ బేరింగు అంటే గుళ్ల బేరింగు కాదు, ఇనుప గిన్నెలో బిగించిన కార్బన్ రింగు. పెడల్ తొక్కితే ఆ నల్లని రింగు తిరుగుతున్న ఉక్కు పళ్లేనికి ఒరుసుకుంటుంది. గ్రాఫైటు తనకు తానే కందెన కాబట్టి కొత్తగా ఉన్నప్పుడు దాదాపు చప్పుడు ఉండదు. అయితే అది అరిగేది తొక్కిన క్షణాలను బట్టి. పెడల్ మీద పాదం ఆనించి బండి నడిపే అలవాటున్నవాళ్ల కారులో, రైలు గేటు దగ్గర గేరు తీయకుండా పెడల్ తొక్కిపట్టి కూర్చునేవాళ్ల కారులో కార్బన్ ఇట్టే కరిగిపోతుంది. రింగు గిన్నె అంచుతో సమమయ్యాక ఇనుము ఇనుమును గీరుతుంది, చర్ర్ మనే ఆ మోత అటు వీధి చివరికి వినిపిస్తుంది. అప్పటికే ఉక్కు పళ్లెం మీద గాడి పడి ఉంటుంది. రింగు ఒక్కటే మార్చి సరిపెడితే ఆ గాడి కొత్త కార్బన్‌ను కొద్దికాలంలో తినేస్తుంది. పొదుపు కోసం చేసిన పని రెండు ఖర్చులవుతుంది.

అదే తరం ఇంజన్లలో ఇంకో మోసపు చప్పుడు ఉండేది. పెడల్ తొక్కితే ఆ ఒత్తిడి క్రాంక్‌షాఫ్ట్‌ను ముందుకు నెడుతుంది. దాన్ని ఆపే థ్రస్ట్ వాషర్లు అరిగి ఉంటే తొక్కగానే టక్ మని ఒక దెబ్బ వినిపించి, ఇంజన్ కాస్త నెమ్మదిస్తుంది. చప్పుడు పెడల్‌తోనే వస్తుంది కనుక అందరూ క్లచ్‌ను అనుమానిస్తారు. జబ్బు ఇంజన్ పొట్టలో ఉంటుంది. ఇంజన్ ముందున్న పుల్లీ మీద కన్నేసి, మరొకరిని పెడల్ తొక్కమంటే పుల్లీ ముందుకూ వెనక్కూ కదలడం కంటికే కనిపిస్తుంది. చెవి మోసపోయినచోట కన్ను పట్టిచ్చే పరీక్ష ఇది.

నాందేడ్‌కు బళ్లు ఒక్క హైదరాబాద్, బొంబాయి వైపు నుంచే రాలేదు. గురు గోబింద్ సింగ్ 1708లో కన్నుమూసిన చోటున వెలసిన హజూర్ సాహిబ్ సిక్కుల ఐదు తఖ్తులలో, అంటే ధర్మపీఠాలలో, ఒకటి. మహారాజా రంజిత్ సింగ్ 1830లలో కట్టించిన గురుద్వారాకు పంజాబు నుంచి యాత్రికుల రాక ఏడాది పొడవునా ఉంటుంది. వింధ్య, సాత్పుడా కొండలు దాటి, వెయ్యిన్నర కిలోమీటర్లు నిండుగా మనుషులతో వచ్చిన జీపుకో వ్యానుకో ఊరు చేరేసరికి క్లచ్ వాసన కొడుతుంటే ఆశ్చర్యం లేదు. ఆ బండి మర్నాటికి తిరుగు ప్రయాణం కావాలి. అలాంటి పనిలో రోగనిర్ణయానికి దొరికే సమయం తక్కువ, తప్పు చేస్తే దిద్దుకునే వీలు ఇంకా తక్కువ.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక లెక్కలు మళ్లీ మారాయి. ఇంజన్ అడ్డంగా, గేర్‌బాక్స్ పక్కన, లాగేది ముందు చక్రాలు. ఫింగర్ల బదులు డయాఫ్రమ్ స్ప్రింగు వచ్చింది. ఒకే ఉక్కు పళ్లెం, నడుమ నుంచి చీల్చిన నాలుకలు. అమెరికాలో 1930ల చివరే షెవ్రొలె వాడిన ఈ స్ప్రింగు, జర్మనీలో 1965లో పుట్టిన లూక్ కంపెనీతో యూరప్ కార్లంతటా పాకింది. నాలుకల ఎత్తు ఫ్యాక్టరీలోనే స్థిరమవుతుంది కనుక ఫింగర్ సెట్టింగు పనితనానికి కార్లలో చోటు పోయింది. కార్బన్ రింగు పోయి మూసిన గుళ్ల బేరింగు వచ్చింది. పెడల్‌ను, బేరింగును నెట్టే ఫోర్కును కలిపేది తీగ కేబుల్. క్లచ్ తయారీ మరాఠ్వాడాకు కూడా వచ్చింది. ఔరంగాబాద్ చికల్‌ఠాణా పారిశ్రామికవాడలో జపాను డైకిన్‌తో కలిసి సీకే డైకిన్ సంస్థ క్లచ్‌లు చేసింది, అదే తర్వాత ఎక్సెడీ ఇండియా అయింది.

ముందు చక్రాల బండిలో గేర్‌బాక్స్ దించాలంటే యాక్సిల్ షాఫ్టులు లాగాలి, ఇంజన్‌కు ఆసరా పెట్టాలి. పని పెద్దది. కాబట్టి విప్పకముందే తేల్చుకోవడం అంతకు ముందెన్నడూ లేనంత విలువైనదైంది. పరీక్షల వరుస ఇంచుమించు ఇలా స్థిరపడింది.

ముందు ఇంజన్ ఆపి పెడల్ తొక్కి చూడాలి. అప్పుడు కూడా కీచుమంటే తిరిగే ముక్క ఏదీ దోషి కాదు. పెడల్ ఇరుసు, ఎండిన కేబుల్, ఫోర్కు ఆడే గుండు, ఈ మూడింటిలో ఒకటి. కాస్త గ్రీజుతో పోయే జబ్బుకు గేర్‌బాక్స్ దింపించుకున్న యజమానులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. గోదావరి పొంగి పల్లపు వీధుల్లో నీళ్లు నిలిచిన ఏడాది ఈ కీచు ఎక్కువ. దుమ్ము, తడి కలిసి కేబుల్ తొడుగులో తుప్పు పేరుకుంటుంది.

తర్వాత హ్యాండ్‌బ్రేకు వేసి, న్యూట్రల్‌లో ఇంజన్ నడిపి, పెడల్ ముట్టుకోకుండా వినాలి. గర్ర్ మని సాగే మోత ఉండి, పెడల్ తొక్కగానే ఆగిపోతే అది గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగుది. క్లచ్ మార్చినా పోదు. మోత కాకుండా వదులుగా గలగలమంటూ, ఎసిలరేటర్ కాస్త తొక్కితే మాయమయ్యేదైతే అనుమానం క్లచ్ ప్లేటు నడుమ కుషన్ స్ప్రింగుల మీదికి, లేదా ఐడిల్‌లో ఇంజన్ సరిగా నడవకపోవడం మీదికి పోవాలి. రెండూ పెడల్ తొక్కితే ఆగేవే. ఎప్పుడు అన్న ప్రశ్న ఇక్కడికి వచ్చి ఆగుతుంది, ఎలా అన్నది అప్పుడు పనికొస్తుంది. పెడల్‌ను వేలితో తాకినంత మాత్రాన ఆగే గలగల మరొకటి. ఫోర్కు మీద బేరింగును పట్టి ఉంచే క్లిప్పు వదులైతే అది వస్తుంది.

ఇక పెడల్‌ను మెల్లగా కిందికి దించాలి. మొదటి అంగుళంలో, ఖాళీ ఆట తీరి బేరింగు నాలుకలకు తగిలే చోట, సన్నని ఏడుపు మొదలై తొక్కేకొద్దీ పెరిగితే రిలీజ్ బేరింగు. అడుగంటా తొక్కి గేరు వేసినప్పుడు మాత్రమే వస్తే, పైలట్ బుష్ ఉన్న బండిలో అది బుష్‌దే. ముందు చక్రాల కార్లు చాలావాటిలో ఆ బుష్ లేనే లేదు కనుక అనుమానించే ముందు బండి ఏదో చూసుకోవాలి. అడుగంటా తొక్కినా రివర్స్ గేరు గర్రుమంటే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదని అర్థం. కేబుల్ సాగి ఉండాలి, లేదా ప్లేటు షాఫ్ట్ గాళ్ల మీద తుప్పుకు పట్టేసి ఉండాలి. నెలల తరబడి కదలకుండా ఉన్న బండిలో రెండోది మామూలే.

మిగిలింది కదిలేటప్పటి చప్పుడు. క్లచ్ వదులుతుండగా దడదడలాడితే లైనింగు మీద నూనె పడిందేమో, ఫ్లైవీల్ మీద వేడికి నీలిమచ్చలు తేలాయేమో అనుకోవడం సహజం. కానీ ఇంజన్‌ను చాసిస్‌కు పట్టి ఉంచే రబ్బరు మౌంటింగులు చిరిగినా ఇదే దడ. బానెట్ ఎత్తి, బ్రేకు తొక్కిపట్టి, మొదటి గేరులో క్లచ్‌ను కాస్త వదిలితే ఇంజన్ ఎగిరిపడటం కనిపిస్తుంది. మౌంటింగు ధర క్లచ్ ధరలో చిన్న భాగం. క్లచ్ జారుడుకు చప్పుడుండదు, వాసన ఉంటుంది. హ్యాండ్‌బ్రేకు గట్టిగా వేసి, పై గేరులో క్లచ్ వదిలితే ఇంజన్ ఆగిపోవాలి. ఆగకుండా రొద చేస్తూ తిరిగితే ప్లేటు అయిపోయినట్టే. ఈ పరీక్ష ఒకసారికి మించి చేస్తే, ఉన్న కాస్త లైనింగూ దానికే పోతుంది.

చప్పుడు ఇంజన్‌దా గేర్‌బాక్స్‌దా అన్న చివరి సందేహానికి పొడవాటి స్క్రూడ్రైవరే సాధనం. కొసను క్లచ్‌ను కప్పి ఉంచే బెల్ హౌసింగు మీద ఆనించి పిడిని చెవి వెనుక ఎముకకు నొక్కితే లోపలి మోత నేరుగా వస్తుంది. చోటు మార్చి వింటే ఎక్కడ బలంగా ఉందో తెలుస్తుంది. ఇనుము గుండా ధ్వని దూరం దాకా పాకుతుంది కనుక ఒక్కచోట విని తీర్పు చెప్పడం తొందరపాటు.

ఈ విద్యలో చాలా భాగం ఉస్తాదు దగ్గర పానాలు అందిస్తూ నేర్చుకున్న కుర్రాళ్ల చేతికి వచ్చింది. కేంద్రం 1950లో మొదలుపెట్టిన శిక్షణ పథకం కింద ఐటీఐలలో మోటారు మెకానిక్ కోర్సు పెట్టాక, 1961 అప్రెంటిస్ చట్టం వచ్చాక, చదువుకుని వచ్చినవాళ్లూ తోడయ్యారు. ఐటీఐ కుర్రాడికి షాఫ్ట్ ఎందుకు ఆగుతుందో తెలుసు, ఉస్తాదుకు అది ఆగినట్టు వినిపిస్తుంది. ఇద్దరూ ఒకే షెడ్డులో ఉన్నచోట పని బాగుండేది.

ఆ షెడ్లలో పట్టించుకోని ప్రమాదం ఒకటి ఉండేది. హౌసింగు తెరవగానే లోపల పేరుకున్న బూడిదరంగు పొడిని కంప్రెసర్ గాలితో ఊదేసేవారు. ఆ పొడిలో ఆస్బెస్టాస్ ఉండేది. ఊపిరితిత్తుల్లో అది చేసే హాని దశాబ్దాల తర్వాత బయటపడుతుంది. బ్రిటన్ 1999లో ఆస్బెస్టాస్‌ను పూర్తిగా నిషేధించింది. భారతదేశంలో కార్ల కంపెనీలు ఆస్బెస్టాస్ లేని లైనింగులకు మెల్లగా మారాయి. పొడిని తడిగుడ్డతో తుడవాలన్న సలహా మాత్రం ఇప్పటికీ అన్ని షెడ్లకూ చేరలేదు.

1990ల తర్వాత సెట్టు పద్ధతి స్థిరపడింది. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడూ ఒకే పెట్టెలో వస్తాయి. ఏది పోయినా మూడూ మారుస్తారు. గేర్‌బాక్స్ దించిన కూలీయే ఎక్కువ కాబట్టి ఇది తెలివితక్కువ పనేమీ కాదు. కానీ దాని వెంట ఒక నష్టం ఉంది. మూడూ మారిస్తే ఏది పోయిందో తేల్చకపోయినా చప్పుడు పోతుంది, రోగనిర్ణయం తప్పైనా వైద్యం ఫలిస్తుంది. పాత ముక్కలను యజమాని ముందు పెట్టి, బేరింగును వేళ్ల మధ్య తిప్పి చూపించే షెడ్డు మీద నమ్మకం కుదరడానికి కారణం అదే. గరగరలాడని బేరింగు బయటకు వస్తే తీర్పు తప్పని ఇద్దరికీ తెలుస్తుంది.

కొత్త కార్లు ఈ లెక్కలను మరోసారి కదిపాయి. కేబుల్ బదులు ద్రవం వచ్చింది. కొన్నిటిలో ఆ ద్రవం ఒత్తిడితో కదిలే స్లేవ్ సిలిండరు, బేరింగు ఒకే ముక్కగా ఇన్‌పుట్ షాఫ్ట్ చుట్టూ కూర్చుంటాయి. ఆ బేరింగు నాలుకలకు ఎప్పుడూ తగిలే ఉంటుంది, ఖాళీ ఆట ఉండదు, కాబట్టి మొదటి అంగుళం పరీక్ష అక్కడ నడవదు. పెడల్ తొక్కకముందే సన్నగా వినిపించి, తొక్కితే ఒత్తిడికి సద్దుమణిగే బేరింగులూ ఉన్నాయి. పాత సూత్రం ప్రకారం దాన్ని గేర్‌బాక్స్ జబ్బు అనుకునే ప్రమాదం ఉంది. డీజిల్ ఇంజన్ల అదురును మింగడానికి లూక్ 1985లో తయారీకి తెచ్చిన రెండు ముక్కల ఫ్లైవీల్ ఇప్పుడు భారతీయ కార్లలో కొన్నిటిలో ఉంది. దానిలోపలి స్ప్రింగులు అలసిపోతే ఇంజన్ ఆపే క్షణంలో, మొదలుపెట్టే క్షణంలో డబ్బా కొట్టినట్టు మోగుతుంది. మధ్యలో ఏమీ ఉండదు. చప్పుడు తాళంచెవి తిప్పినప్పుడే వస్తే స్టార్టరును అనుమానించడం ఇక్కడ తరచూ జరిగే పొరపాటు.

2014లో సెలెరియోతో మారుతి చవక కార్లలోకి తెచ్చిన, గేర్లు తనంతట తానే మార్చే ఏఎంటీలో లోపల అదే ప్లేటు, అదే బేరింగు, అదే గేర్‌బాక్స్. తొక్కేది మాత్రం మనిషి కాలు కాదు, కంప్యూటరు చెప్పినట్టు కదిలే యాక్చువేటరు. పెడలే లేదు కనుక పెడల్‌ను మెల్లగా దించి వినడం కుదరదు. స్కానర్ తగిలించి క్లచ్‌ను తెరవమని, మూయమని ఆదేశిస్తూ ఆ క్షణంలో చెవి పెట్టాలి. హింగోలి, నాందేడ్, దెగ్లూర్‌ల మీదుగా సంగారెడ్డికి సాగే 161వ జాతీయ రహదారి మీద నాందేడ్ రిజిస్ట్రేషన్ ఎంహెచ్ 26 పలకతో తిరిగే ఇలాంటి కారు చెడితే, స్కానర్ ఉన్న షెడ్డుకే చేర్చాలి.